అల్లుడొస్తే లేవాల్సిన కుర్చీ

అప్‌గ్రేడ్ అనే మాట వింటే ఇప్పటికీ నా నోట్ల చేదు ఊరుతది. తొంభై తొమ్మిది ఎండకాలంల కరీంనగర్‌ల ఆ మాట అనని నోరు లేకుండె. జిరాక్సు దుకాణపోడు అన్నడు, టైపు నేర్పేటాయన అన్నడు, కంప్యూటరును దగ్గరి నుంచి చూడని కిరాణ సేటు కూడ పాన్ నములుకుంట "ఏం కాకా, అప్‌గ్రేడ్ చేయించినవా లేదా?" అని అడిగిండు. రెండువేల సంవత్సరం పుట్టిన పొద్దు పాత కంప్యూటర్లన్నీ తారీకు లెక్క తప్పి బందైతయట. కొందరైతే పేలుతయని కూడ చెప్పిన్రు. మా వాడకట్టుల ఒకామె, మా దుకాణం ముందట ఆడుకుంటున్న తన పిల్లల వీపులు వాయించి ఇంట్లకు గుంజుకపోయింది. భయం అమ్ముకునేటోళ్లను చిన్నప్పటి నుంచి చూస్తనే ఉన్న. తాయెత్తు కట్టేటోడు కనీసం మనిషి మొఖం చూసి కడ్తడు. వీళ్లకు మొఖం కూడ అక్కర లేదు.

మాది చిన్న ప్రెస్సు. పెండ్లి పత్రికలు, గృహప్రవేశాలు, దినాల కార్డులు, అంతే. నేను బడికి పోయింది మూడో తరగతి దాకనే. మిగిలిన చదువు నాకు సీసం అక్షరాలు చెప్పినయి. అరవై తొమ్మిదిల నా ఈడు పోరగాండ్లందరు ప్రత్యేక రాష్ట్రం కావాలని జెండాలు పట్టుకొని రోడ్ల మీద తిరుగుతుంటే, నేను ఒకాయన ప్రెస్సుల అక్షరాల పెట్టె ముందట నిలవడి వాళ్ల కరపత్రాలు పేర్చిన. సీసం మీద అక్షరం కుడి ఎడమ తారుమారై ఉంటది. అట్లనే చదువుడు నేర్చుకున్న. ఇప్పటికీ అద్దంల కనిపించే బోర్డు, తిన్నగున్న బోర్డు కన్న ముందు నాకు తెలుస్తది.

తర్వాత సొంతంగ కాలుతోని తొక్కే ట్రెడిల్ మిషన్ పెట్టుకున్న. తొంభైల మొదట్ల ఇగ సీసం పని ఖతం, అంత కంప్యూటరే అన్నరు. నా చేతి ఏళ్లకు కండ్లు మొలిచినట్టు అలవాటైన అక్షరాలను బ్యాటరీలు చేసేటోళ్లు వచ్చి గోనెసంచులల్ల ఎత్తుకపోయిన్రు. అచ్చులు, హల్లులు, ఒత్తులు అన్ని ఒకటే కుప్ప పోసి పారతోని ఎత్తిన్రు. పార! అక్షరాలను పారతోని ఎత్తుడు నేను ఆ ఒక్కనాడే చూసిన. అది నాకు తగిలిన మొదటి అప్‌గ్రేడు.

హైదరాబాద్‌ల ఒక పెద్ద ప్రెస్సోళ్లు కొత్తది కొనుక్కొని పక్కకు పెట్టిన కంప్యూటరును మేము తెచ్చుకున్నం. నల్ల తెర, తెల్ల అక్షరాలు. ట్రెడిల్ అమ్మేసి, దీంట్ల కొట్టిన పత్రికను బయట అచ్చేయిస్తుంటిమి. కంప్యూటర్‌ల ముందుగాల ఒక సిస్టం ఉంటదట, మిగిలిన పనులన్ని దాని వీపు మీద కూసుంటయట. మాదాంట్ల పాత డాస్ సిస్టం ఉండె. దాని వీపు మీద తెలుగు అక్షరాల ప్రోగ్రాం ఉండె. ఎన్ని దినాలు కూసున్నా నా ఏళ్లు ఆ మీటల మీద ఆడలే. సీసానికి అలవాటైన ఏళ్లు అవి. గట్టిగ ఒత్తితే ఒక అక్షరానికి నాలుగు పడుతుండె.

నేర్చుకున్నది మా ఇంటామె.

ఆమెది ఇచ్చోడ దిక్కు, మరాఠీ నడిచే తావు. అయిదో తరగతి దాక చదివింది మరాఠీ బడిల. పెండ్లై వచ్చిననాడు ఆమెకు తెలుగు అక్షరం రాదు. పనైపోయిన సీసం అక్షరాలను కిరసనాయిలుతోని కడిగి మళ్ల గడులల్ల వేసే పని ఆమెకు చెప్పిన. కడుక్కుంట కడుక్కుంటనే ఏది ఏ అక్షరమో నేర్చింది. కంప్యూటర్ వచ్చినంక ఏ మీటకు ఏ అక్షరమో కాగితం మీద రాయించుకొని, మైదా లైతోని గోడకు అతికిచ్చింది. రొట్టె కొడుతున్నప్పుడు కూడ పీట మీద ఏళ్లు ఆడిస్తుండె. కొన్నాళ్లకు ఆ కాగితం దిక్కు చూసుడు మానేసింది. పత్రిక కొట్టిచ్చుకొనేటోళ్లు వచ్చి "ఆపరేటర్ లేడా?" అని అడిగితే, కుర్చీల నుంచే "ఉన్నది, చెప్పుండ్రి" అంటుండె. దుకాణంల నాకున్న పని ఇగ చాయ్ తెచ్చుడు, తప్పులు దిద్దుడు. దాంతోని నాకేం బాధ లేకుండె. వాడకట్టోళ్లకే బాధ ఉండె. నన్ను కాకా అంటరు కాబట్టి మరాఠీ లెక్కల ఆమె కాకి; "కాకికి కంప్యూటరు, కాకాకు చాయ్ కెటిలి" అని నవ్వుతుండిరి. నవ్వుకుంటనే పత్రికలు మా దగ్గరనే కొట్టిచ్చుకుంటుండిరి, అది వేరే ముచ్చట.

ఇగ నా రోతకు అసలు మూలం చెప్త.

మా దిక్కు ఒక ఆచారం. అల్లుడు గడపల అడుగు పెట్టంగనే అత్త కూసున్న తావు నుంచి లేవాలె. మంచం మీద ఉంటే మంచం దిగాలె. ఆయన ముందట కూసోవద్దు, ఆయనతోని ఎదురుంగ మాట్లాడొద్దు. చెప్పేదుంటే మొగనికి చెప్పాలె, మొగడు అల్లునికి చెప్పాలె. మర్యాద అంటరు దాన్ని. మా అవ్వ చేసింది, మా అత్త నా ముందట చేసింది. నేను కూడ అల్లుని లెక్క కాళ్లు చాపుకొని కూసొని చేయించుకున్న.

మా పెద్దబిడ్డ మొగడు పెద్దపల్లి పిల్లగాడు. డిగ్రీ చదివి, కరీంనగర్ బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్ పెట్టిండు. నేర్పుడు, అమ్ముడు, రిపేరు, అన్నీ అదే అర్రల. చెడ్డోడని నేననలే. తాగడు, బిడ్డను మంచిగ చూసుకుంటడు. కని ఆయన మా దుకాణానికి వచ్చినప్పుడల్ల మా ఇంటామె సగం కొట్టిన పత్రికను అట్లనే ఇడిసి, కొంగు సదురుకొని, దుకాణానికి ఇంటికి నడుమ ఉన్న పర్ద వెనుకకు పోతుండె. ఆ కుర్చీ వేడి ఇంక ఆరకముందే అల్లుడు దాంట్ల కూసుంటుండె. అత్త కంప్యూటర్ కొడ్తదని ఆయనకు తెలుసు. కొట్టంగ మాత్రం ఒక్కసారి కూడ చూడలే. ఎట్ల చూస్తడు? ఆయన కాలు చప్పుడుకే కుర్చీ ఖాళీ అవుతుండె.

ఆ ముందటేడు దసరకు ఇంకొక ఘనకార్యం జరిగింది. దసరకు మిషన్లకు పూజ చేయించుడు ప్రెస్సోళ్ల అలవాటు. ట్రెడిల్ ఉన్నన్నాళ్లు ఎంత కుంకుమ పూసినా దానికేం గాలే, ఇనుము కద. ఆ ఏడు పంతులు కంప్యూటర్ తెరకు బొట్టు పెట్టి, మీటల మీద పూలు చల్లి, "దీని ప్రాణం ఎక్కడుంటదమ్మా?" అని అడిగిండు. మా ఇంటామె మురిసిపోయి, తెలుగు అక్షరాలు ఎక్కిచ్చే ఫ్లాపీ తెచ్చి చేతిల పెట్టింది. ఆ కాలపు ఫ్లాపీ అరచెయ్యంత నల్ల అట్ట. దాని నడుమ పొడుగు కంత. ఆ కంతల నుంచి లోపలి చక్రం కనవడ్తది. పంతులుకు అది నుదురు లెక్క కనవడ్డదో ఏమో, తడి కుంకుమ ముద్ద తీసి బరాబర్ ఆ కంతలనే పెట్టిండు. మీది నుంచి అక్షింతలు.

వారం తర్వాత ఆ ఫ్లాపీని మిషన్ల పెడితే గుర్రుగుర్రుమని బయటికి కక్కింది. తుడిచినం, ఆరబెట్టినం, లాభం లేకపాయె. అది ఒక్కటే ఉండె. కంపెనీ తాళం వేసి ఇచ్చిన ఫ్లాపీ, దానికి నకలు తీయరాదు. ఆ కంపెనీ కూడ అప్పటికే దుకాణం ఎత్తేసింది. కంప్యూటర్ లోపల ఎక్కిచ్చి ఉన్న తెలుగు మాత్రం మంచిగనే నడుస్తున్నది. మా ఇంటామె నాతోని అన్నది: "ఇగ లోపల ఉన్నదే మనకున్నది. అది తుడిస్తే నా అక్షరాలు పోయినట్టే." పంతులు మాత్రం మళ్ల వచ్చినప్పుడు "మిషన్ మంచిగ నడుస్తున్నదా? అంత పూజ ఫలం" అన్నడు. నేను చాయ్ కూడ ఇయ్యలే.

ఇట్లుండంగ మే నెలల, ముహూర్తాలు మస్తుగున్న దినాలల్ల, అల్లుడు ఒక సంచి పట్టుకొని వచ్చిండు. పర్ద ఊగింది, కుర్చీ ఖాళీ అయింది, ఆయన కూసున్నడు.

"మామా, ఇగ సోంచాయించే ముచ్చటే లేదు. గీ డాస్ తుడుస్త, కొత్త సిస్టం ఎక్కిస్త. జర మెమరీ గూడ పెంచుత. గంట పని."

"తుడుస్తే మా తెలుగు ఏమైతది?"

"కొత్త తెలుగు ఇస్త. ఎన్ని రకాల అక్షరాలుంటయో చూస్తే మీరే పరేషాన్ అయితరు."

"మీటలు గివే ఉంటయా?"

"మీటలు వేరే. అయినా మీకెందుకు ఫికర్? మా సెంటర్‌ల నేర్చుకున్న పిల్లను పంపిస్త, ఆమెనే కొడ్తది. మీరు ఆరాం చేయుండ్రి."

పర్ద వెనుక గాజులు గలగలమన్నయి.

"చెప్పు," అన్నది పర్ద.

"ఏం చెప్పాలె?" అన్న.

"పాత తెలుగు ఫ్లాపీ చదువుతలేదని చెప్పు. తుడిస్తే మళ్ల రాదని చెప్పు."

నేను అల్లుని దిక్కు తిరిగిన. "పాత తెలుగు ఫ్లాపీ చదువుతలేదట. తుడిస్తే మళ్ల రాదట."

"వినవడ్డది మామా," అని నవ్విండు.

వినవడ్డదట! రెండు గజాల దూరం లేదు. ఆమె మాట ఆయన చెవిల పడ్తనే ఉన్నది, అయినా నా నోట్ల నుంచి వస్తెనే అది మాట. ఒక్క అర్రల ముగ్గురం ఉండి, ఒక బట్ట పేలికను నడుమ పెట్టుకొని, నేను ఇటు తిరిగి అటు తిరిగి చెప్పుడు. ఇన్నేండ్లు అది మర్యాదనే అనుకున్న నా తలకాయ మీద నాకే రోత పుట్టింది.

"ఎందుకు చదువుతలేదట?" అల్లుడు అడిగిండు.

"ఎందుకు చదువుతలేదని అడుగుతున్నరు," అని పర్దకు చెప్పిన.

"దసరకు పంతులు బొట్టు పెట్టిండు."

"దసరకు పంతులు బొట్టు పెట్టిండు."

అల్లుడు కడుపు పట్టుకున్నడు. "ఫ్లాపీకి బొట్టా! పుస్తె గూడ కట్టకపోయిండా మామా? ఒడిబియ్యం పోసి మా సెంటర్‌కు తోలిస్తుండిరి!"

నాకు కూడ నవ్వు రావాలె కద. రాలే. పర్ద ఆగి అన్నది: "నవ్వుడు అయినంక జవాబు చెప్పుమను."

ఈసారి నేను అటు తిరిగి చెప్పలే. అల్లుడు విననట్టే ఉన్నడు. "పాతదాని మీద గంత మోహం మంచిది కాదు మామా. రేపు రెండువేలు వస్తే ఇది గిట్లనే బందు పడ్తది. అప్పుడు పెండ్లోళ్లు మీ అంగి పట్టుకుంటరు" అనుకుంట సంచిల నుంచి తన ఫ్లాపీ తీసి పెట్టి, ఏందో కొట్టిండు. నల్ల తెర మీద ఇంగ్లీషుల రెండు లైన్లు వచ్చినయి. ఇంగ్లీషు నాకు కూడబలుక్కొని వస్తది. దీంట్ల ఉన్నదంత పోతది, కానియ్యాల్నా వద్దా అని అడుగుతున్నది. కానియ్యమంటే వై, వద్దంటే ఎన్. మిషన్‌కు ఉన్నపాటి బుద్ధి మనిషికి లేకపాయె. అది అడుగుతున్నది.

అల్లుడు ఏలు లేపి నా దిక్కు చూసిండు. "కొట్టాల్నా మామా?"

వద్దు అనాలె. రెండక్షరాల మాట. అల్లునికి వద్దు అని చెప్పిన నోరు మా ఇండ్లల్ల లేదు. చెప్తే అది పోయి పోయి బిడ్డకు తగుల్తది. నేను గోడ మీద అతికిచ్చిన అక్షరాల కాగితం దిక్కు చూసుకుంట నిలవడ్డ. మైదా లై ఎండి మూలలు లేసినయి.

పర్ద పక్కకు జరిగింది. మా ఇంటామె నడిచి వచ్చి కుర్చీ పక్కన నిలవడ్డది.

"జర లేవుండ్రి అయ్యా," అన్నది. అన్నది నాతోని కాదు.

ఆయన లేసిండు. మర్యాదకు లేసిండో, బిత్తరపోయి లేసిండో ఇప్పటికీ నాకు తెల్వది. ఆమె కుర్చీల కూసున్నది. ఎన్ కొట్టింది. ఆయన ఫ్లాపీ తీసి బల్ల మీద పెట్టింది. పొద్దున సగంల ఇడిసిన పత్రిక తెరిచి కొట్టుడు మొదలుపెట్టింది. వధువు తండ్రి పేరుల రెండుసార్లు తప్పు పడ్డది, రెండుసార్లు దిద్దింది. అల్లుడు నిలవడి ఉన్నడు, అత్త కూసొని ఉన్నది.

తెర మీది నుంచి కండ్లు తీయకుంట అన్నది: "ముహూర్తాలు అయినంక కొత్తది పెడ్దం. కొత్త మీటలు ముందుగాల నాకు నేర్పుండ్రి. నేర్చుకున్ననాడు పాతది నేనే తుడుస్త."

అల్లుడు సంచి సదురుకున్నడు. ఆయన కోసరం కోసిన కోడి పొయ్యి మీద ఉడుకుతనే ఉన్నది. తినకుంటనే పోయిండు.

నాలుగు దినాలు గడవకముందే పెద్దపల్లి నుంచి వియ్యంకుడు, ఆయన అన్న వచ్చిన్రు. కంప్యూటర్ ముచ్చట తెస్తరేమో, బొట్టు ముచ్చట చెప్పి సముదాయిద్దాం అనుకున్న. వాళ్లు కంప్యూటర్ దిక్కు కన్నెత్తి కూడ చూడలే.

"బావా, అల్లుడు నిలవడి ఉండంగ అత్త కుర్చీల కూసున్నదట. నిజమేనా?"

"నిజమే బావా. కూసుంటెనే కదా కొట్టేది."

"కొట్టుడు ఎవనిక్కావాలె? లేపిందట కద పోరన్ని!"

"ఆమె కుర్చీ అది."

"కుర్చీకి గూడ ఆడ మగ ఉంటదా?" అన్నడు ఆయన అన్న.

"అదే నేను అడుగుతున్న," అన్న.

వాళ్లు చాయ్ తాగిన్రు, ఇంక రెండు మాటలు అన్నరు, పోయిన్రు. ఒక్కరన్నా, ఒక్కరంటె ఒక్కరన్నా, ఆ మిషన్ల ఏముండె, తుడిస్తే ఏం పోతుండె అని అడుగుతరేమో అని చూసిన. అడగలే. ఇల్లు కాలుతుంటే బకెటు ఎవరు ముట్టిన్రని పంచాయతి పెట్టే జాతి మాది. థూ.

బిడ్డ ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసి ఏడ్చింది. "అవ్వ ఎందుకట్ల చేసింది బాపు? ఈడ నాకు మొఖం లేకుంట అయింది." నేనేదో నసుగుతుంటే మా ఇంటామె ఫోను గుంజుకున్నది. "బరోబర్ చేసిన బిడ్డా," అన్నది. కోపమొస్తే ఆమె నోట్ల ఇచ్చోడ మరాఠీ వస్తది. "నువ్వు మొఖం కడుక్కొని అన్నం తిను." ఫోను పెట్టినంక మాత్రం వంటింట్లకు పోయి శానసేపు రాలే. నేను పోలే. పోయి ఏమనాలె? వద్దు అనే మాట ఆ పొద్దు నేనని ఉంటే ఆమె పర్ద దాటే పనే లేకపోవు.

అల్లుడు రాకపోకలు బంద్ చేసిండు. ముహూర్తాలు అయిపోయినయి, వానలు వచ్చినయి. పాత మిషన్ పాత తెలుగుతోని నడుస్తనే ఉన్నది. అప్‌గ్రేడ్ చేయించినవా అని అడిగేటోళ్లు అడుగుతనే ఉండిరి. ఇంక రెండువేలు వచ్చిననాడు ఏమైందో ఇక్కడనే చెప్పి ఇడుస్త: ఏం పేలలే. మా మిషన్ తారీకు మాత్రం పందొమ్మిది వందల ఎనభై అని చూపెట్టింది. పత్రిక మీది తారీకు మనమే కొడ్తం కాబట్టి ఎవ్వని పెండ్లి ఆగలే. పేలుతదన్నోళ్లల్ల ఒక్కడన్నా వచ్చి తప్పైందని అన్నడా అంటే, లేదు. అప్పటికి వేరే ఏదో అమ్ముకుంటుండిరి.

రెండువేలు ఇంక రాకముందు, చలికాలంల, అల్లుని చెల్లెకు పెండ్లి ఖాయమైంది. ఆ ఇంటి పెండ్లి పత్రికలు మా బిడ్డ పెండ్లి నుంచి మేమే కొట్టినం. మొదటి పత్రిక కొండగట్టు అంజన్న ముందట పెట్టి రావుడు వాళ్ల అలవాటు. మా దగ్గర కొట్టిచ్చిన పత్రికలు పెట్టినంక అన్ని పెండ్లిళ్లు మంచిగ జరిగినయట, ఇది గూడ అక్కడనే కొట్టియ్యాలె అని వియ్యంకుడు పట్టుబట్టిండట. చూసిన్రా? కుర్చీల కూసున్న అత్త పనికిరాదు, ఆమె చేతి పత్రిక మాత్రం దేవునికి పనికొస్తది. ఆ ముచ్చట విన్ననాడు నాకు నవ్వు, వాంతి రెండూ ఒక్కసారే వచ్చినయి.

ఒకనాడు పొద్దున అల్లుడు వచ్చిండు. చేతిల పేర్ల కాగితం. గడప దగ్గర చెప్పులు ఇడిసిన చప్పుడైంది. నేను మా ఇంటామె దిక్కు చూసిన. కొంగు సదురుకున్నది. లేవలే. పక్కనున్న స్టూలును కాలుతోని జర ముందుకు జరిపింది.

"కూసోండ్రి," అన్నది.

ఆయన నిలవడ్డడు. తర్వాత కూసున్నడు. ఆమె కాగితం తీసుకొని కొట్టుకుంట పోయింది. ఆహ్వానించువారి పేర్ల దగ్గరికొచ్చి ఆగింది.

"మీ చిన్నాయన పేరు ముందల పెట్టాల్నా, మేనమామదా? దీంట్ల రెండు పేర్లు పక్కపక్కనే రాసిన్రు."

అల్లుడు నా దిక్కు తిరిగి నోరు తెరిచిండు. అలవాటు అది. పర్ద లేకపోయినా ఆయన మాట ఆమెకు నేనే మోయాలె.

"నన్నెందుకు చూస్తున్నరు అల్లుడా?" అన్న. "అడిగింది ఆమె."

ఆయన గొంతు సదురుకున్నడు. చలికాలంల ఆయన మెడ మీద చెమట. గింత చిన్న మాటకు ఒక డిగ్రీ చదివినోడు అంత అవస్థ పడాల్నా అని నాకు మళ్ల రోత పుట్టింది.

"చిన్నాయనది ముందల పెట్టుండ్రి," అన్నడు తెర దిక్కు చూసుకుంట. జర ఆగి, "అత్తా" అన్నడు.

ఆమె కొట్టింది. కొట్టుకుంటనే అడిగింది: "కొత్త మీటలు ఎప్పుడు నేర్పుతరు?"

ఈసారి ఆయన నా దిక్కు చూడలే.

"పెండ్లి కానియ్యుండ్రి," అన్నడు. "మీరు ఎప్పుడంటె అప్పుడు."